విద్యుత్తు లేదని యెట్లు తెలియును?

ముప్పదినాలుగు సంవత్సరములు బాలురకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితుడు విద్యుచ్ఛక్తినిగూర్చి ప్రసంగింప బూనుట కొందరికి సాహసముగా తోపవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని యీ విషయమున నాకు గురువైనవాడు ఒకప్పటి నా శిష్యుడే. ఇత్వసంధి పట్టుబడక నా తరగతిలో మూడు దినములు గోడకుర్చీ వేసినవాడు నేడు మా చెవిటికల్లు పొలములలో విద్యుత్తీగలను కనిపెట్టుకొని తిరుగు లైన్‌మన్. వానియొద్ద నేను నేర్చుకొన్న పాఠమొకటి కలదు. దానిని మీకు వినిపించుటకే నేడు వచ్చితిని.

మాది కృష్ణా జిల్లా మెట్టసీమ. 2022వ సంవత్సరమునుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. ప్రత్తియు మిరపయు పండించు భూములు. పొలము పొలమునకు మోటారు, నాలుగైదు పొలములకొక ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె. మాకు తూర్పున ఇబ్రహీంపట్నమువద్ద 1979లో మొదటి యంత్రము కదలిన ఉష్ణవిద్యుత్కేంద్రము కలదు. అచ్చట 210 మెగావాట్ల యంత్రములలో 15,750 వోల్టులుగా పుట్టిన విద్యుత్తు 2,20,000 వోల్టులకు హెచ్చింపబడి దూరప్రయాణము చేయును. క్రమక్రమముగా తగ్గింపబడి, తుదకు 11,000 వోల్టులై మా పొలముల గట్లమీదికి వచ్చును. దిమ్మెమీది ట్రాన్స్‌ఫార్మరులో 433 వోల్టులై మోటారును చేరును. కావున అధిక వోల్టేజి యనునది ఎచ్చటనో పట్టణములలోని ప్రయోగశాలలకు సంబంధించిన మాట కాదు. అది మా చేలమీదుగా, మనిషికి మూడింతల యెత్తున పోవుచునే యున్నది.

ఒక తొలకరి సాయంకాలము ఈదురుగాలి వీచి, మా వీధిచివరి రెండవ స్తంభముపై పింగాణి గుబ్బ పగిలినది. నా శిష్యుడు వచ్చెను. ఉపకేంద్రమునకు ఫోను చేసి ఎల్.సి. తీసికొనెను, అనగా తీగమీద పనిచేయుటకు అనుమతి పొందెను. ఫీడరును కొద్దినిమిషములాపించి, మా యూరి శాఖకు గల ఏ.బి. స్విచ్చిని తెరచి తాళము వేసెను. తాళపుచెవి తన జేబులో వేసికొని, తక్కిన యూళ్ల సరఫరాను మరల నడుపుమని చెప్పెను. ఇక స్తంభమెక్కునని నేననుకొంటిని. ఎక్కలేదు. సంచినుండి పొడవైన కర్ర యొకటి తీసెను. దాని కొనయందు వోల్టేజి నెరిగించు దీపమును, గంటయు గలవు. దానిని మొదట స్విచ్చికి ఆవలిప్రక్క, విద్యుత్తున్న తీగవైపు చాచెను. దీపము వెలిగి గంట మ్రోగెను. పిమ్మట నీవలిప్రక్క మూడు తీగలకును వరుసగా చూపెను. మ్రోగలేదు. ఇంతటితో చాలదా? మరల ఆవలిప్రక్కకు తీసికొనిపోయెను. మరల మ్రోగెను. అప్పుడుగాని భూమికి కలుపు గొలుసుకర్రలకై వాడు చేయిచాపలేదు.

"అనుమతి వచ్చినది, స్విచ్చి తెరచితివి, తాళము వేసితివి. ఇంకను ఈ ముమ్మారు పరీక్ష యేమిరా?" యని యడిగితిని.

"ఎల్.సి. అంటే ఆపరేటరు మాట మాస్టారూ. తీగను కూడా అడగాలి గదా" అనెను.

"అడిగితివి గదా. మరల నావలికెందుకు పోయితివి?"

"మధ్యలో ఈ కర్రే మూగబోయిందనుకోండి. ముందు పలికింది, తరువాతా పలికింది. మధ్యలో పలకలేదంటే అది కర్ర లోపం కాదు, తీగలో లేదన్నమాట."

మా యూరి పేరునుబట్టి పొరుగువారు మమ్ము చెవిటివారని పరిహసించుట కలదు. అందుచే కాబోలు, చెవిటి పరికరమునుగూర్చి వాడు చెప్పిన మాట నా మనస్సున బాగుగా నాటినది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. బాల్యమున గురువుగారి యరుగుమీద చదివిన శాస్త్రము జ్ఞప్తికి వచ్చినది.

మన మీమాంసకులలో కుమారిలభట్టు సంప్రదాయమువారును, అద్వైతులును అనుపలబ్ధి యను ప్రమాణము నొకదానిని అంగీకరించిరి. ఒక వస్తువు లేదని మనకెట్లు తెలియును? కంటితో చూచి యుండుటను తెలిసికొందుము, లేకుండుటను చూచుటెట్లు? నేలమీద కుండ లేదని చెప్పునపుడు మనము చూచినది నేలనే గాని కుండలేమిని కాదు. కుండ కనబడకపోవుటయే కుండ లేదను జ్ఞానమునకు సాధనమని వారి మతము. అయితే వారు దీనికొక కట్టుబాటు చేసిరి. చీకటిగదిలో కుండ కనబడలేదు. అంతమాత్రమున కుండ లేదనరాదు. ఉన్నయెడల తప్పక కనబడి తీరవలసిన స్థితిలో కనబడకున్ననే లేదని నిశ్చయింపవలెను. దీనికి యోగ్యానుపలబ్ధి యని పేరు. నైయాయికులు ఇది వేరు ప్రమాణము కాదు, ప్రత్యక్షములోనే అడగునందురు. ఆ తగవు తీర్చుటకు నాకు ఈయబడిన యీ కొలదినిమిషములు చాలవు.

నా శిష్యుడు అనుపలబ్ధి యను పదమును వినియెరుగడు. కాని వాడు స్విచ్చికి ఆవలిప్రక్క కర్ర చాచుట గదిలో దీపము పెట్టుటయే. విద్యుత్తున్నయెడల నా గంట మ్రోగగలదని ముందును వెనుకను నిరూపించిన పిదపనే, దాని మౌనమునకు ప్రామాణ్యము కలిగినది. బ్యాటరీ నీరసించినను, లోపలి తీగ తెగినను కూడ గంట మ్రోగదు. ఆ మౌనమును నమ్మి స్తంభమెక్కినవాడు చీకటిగదిలో చేయిపెట్టినవాడే. ఇంటిలో వాడు మరచీల వంటి చిన్న టెస్టరునుగూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. అది 230 వోల్టుల సొకెట్టులకు చేసినది. దానిని 11,000 వోల్టుల తీగకు చూపుట పరీక్ష కాదు, ప్రాణత్యాగము.

స్విచ్చి తెరచిన పిమ్మట తీగలో విద్యుత్తెట్లుండును? అని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. పలు దారులున్నవట. స్విచ్చికి మూడు కత్తులుండును. తుప్పుపట్టి వానిలో నొకటి విడివడకపోవచ్చును. క్రిందనుండి పిడి త్రిప్పినవానికి మూడును విడివడినట్లే తోచును. ప్రక్కనే మరియొక పెద్దలైను సమాంతరముగా పోవుచున్నచో, తగులకయే దాని ప్రభావమున ఈ తీగలో వోల్టేజి పుట్టును. ఇవి రెండును అప్పుడప్పుడు జరుగునవి. మా పల్లెలలో ఎక్కువగా భయపడవలసినది మూడవది.

పెండ్లియింట జనరేటరు పెట్టుదురు. కరెంటు పోగానే దాని తీగను ఇంటి మీటరుబోర్డులో తగిలించి, మెయిన్ స్విచ్చి తీయుట మరతురు. ఇంటిదీపములు వెలుగును, బాజాలు మ్రోగును, అందరును సంతోషింతురు. ఆ 230 వోల్టులు సర్వీసుతీగ వెంబడి వెనుకకుపోయి దిమ్మెమీది ట్రాన్స్‌ఫార్మరును చేరును. ట్రాన్స్‌ఫార్మరుకు పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి యను భేదము లేదు. పైనుండి వచ్చిన 11,000 వోల్టులను ఇంటికి వచ్చు 250 వోల్టులుగా తగ్గించు చుట్లే, క్రిందినుండి వచ్చినదానిని నలువదినాలుగు రెట్లు పెంచును. మీరే లెక్కవేయుడు: 230ని 44చే గుణింపగా పదివేలు దాటును. ఆ తీగకు పెద్దభారము లేనియెడల, ఆపివేసిన లైనులో పదివేల వోల్టులు నిలుచును. స్తంభముపై నున్నవానికి ఉపకేంద్రము అనుమతి యిచ్చినది, పెండ్లివారు మాత్రము ఈయలేదు. తెలియక చేసిన పనియే గాని, ప్రాణము పోయినపిదప తెలియమి యెవరికి సమాధానము? జనరేటరు పెట్టుకొనువారు ఇంటితీగ యేకకాలమున రెండుప్రక్కల కలియకుండునట్లు, అటో ఇటో తిరుగు ఛేంజోవరు స్విచ్చిని ఎలక్ట్రీషియనుచే పెట్టించుకొనవలెను. దాని ఖర్చు పెండ్లిలో ఒక పూట తాంబూలములకంటె నెక్కువ కాదని నా యూహ.

ఈ కారణముచేతనే పరీక్షతో పని ముగియదు. పరీక్ష ఆ క్షణమున విద్యుత్తు లేదని చెప్పును. మరుక్షణమునకు అది పూచీపడదు. అందుకు భూమికి కలుపుట కావలెను. నా శిష్యుడు గొలుసుకర్రల తీగను మొదట భూమిలో పాతిన ఇనుపకడ్డీకి బిగించి, పిమ్మటనే కొక్కెములను మూడు తీగలకును తగిలించెను. తీయునపుడు వరుస తిరుగబడును: ముందు పైకొక్కెములు, చివరకు భూమి. ఈ వరుస తప్పినచో, పైకొక్కెము విద్యుత్తున్న తీగకు తగిలి, క్రిందికొన వాని చేతిలో నుండును. అప్పుడు భూమికి దారి వాని దేహమే. ఒకసారి మూడు తీగలును భూమితో కలిసినపిదప, ఎవరైన పొరపాటున సరఫరా నిచ్చినను, వెనుకనుండి జనరేటరు నడిపినను, ఆ విద్యుత్తు భూమిలోనికి పోవును, అచ్చటి ఫ్యూజు కరగును లేదా బ్రేకరు తెరచుకొనును. ఇది లైన్‌మన్ యిష్టముపై విడిచిన విషయము కాదు. ఏ విద్యుద్వాహకమునైనను తాకుటకు ముందు భూమికి కలిపి గాని, తగిన మరియొక విధమున గాని దాని విద్యుత్తును తొలగింపవలెనని 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నిబంధనలలోనే కలదు. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన నిబంధనలును ఆ మాటనే నిలిపినవి. వానికి బదులుగా 2023లో క్రొత్త నిబంధనలు వచ్చినవి.

ఇంతవరకు చెప్పినది విద్యుత్తు లేదని తెలిసికొనుట. ఇక మనమే విద్యుత్తును పంపి పరీక్షించు సందర్భము వేరు. ఇది మరింత సూక్ష్మమైనది. మోటారు చుట్లయందును, భూమిలో వేసిన కేబులునందును, ట్రాన్స్‌ఫార్మరునందును తీగచుట్టునుండు కవచము చెడినదా నిలిచినదా యని చూచుటకు మెగ్గరు అను పరికరముతో 500 మొదలు 5,000 వోల్టులవరకు ప్రయోగింతురు. ఇచ్చట భూమికి కలుపు గొలుసును తీయకున్న పరీక్షయే సాగదు. కాపాడునదానిని తీసివేసి చేయవలసిన పని యిది.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1753లో రష్యాదేశపు సెయింట్ పీటర్సుబర్గునందు రిఖ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు మేఘములలోని విద్యుత్తును కొలువదలచి, ఇంటిపైనుండి గదిలోనికి ఇనుపకమ్మిని దింపి, దానికొక కొలసాధనమును తగిలించెను. కమ్మిని భూమికి కలుపలేదు. కలిపినచో కొలుచుటకు ఏమియు మిగులదు. ఉరుములు వినబడగానే ఇంటికి పరుగెత్తివచ్చి, సాధనమును చూచుటకు వంగెను. పిడుగు కమ్మివెంట దిగివచ్చి ఆయన ప్రాణమును గొనిపోయెను. విద్యుత్పరీక్ష చేయుచు మరణించిన శాస్త్రజ్ఞులలో ఆయన మొదటివాడని చెప్పుదురు. సాధనమునకు అంత సమీపమున నిలువకుండిన బ్రదుకునేమో.

రిఖ్‌మన్‌కు ఏడెనిమిదేండ్లకు పూర్వమే, హాలెండుదేశపు లైడెన్ నగరమున ముషెన్‌బ్రూక్ అను ఆచార్యుడు నీటితో నింపిన గాజుపాత్రలో విద్యుత్తును నిలువచేయవచ్చునని కనుగొనెను. కనుగొన్న తీరు విచిత్రము: పాత్రను తాకి, దేహమంతయు అదిరి, రాజ్యమిచ్చినను మరల నీ పని చేయనని మిత్రునికి వ్రాసెనట. మన కేబులును, కెపాసిటరును ఆ గాజుపాత్ర సంతతివే. నడుమ తీగ, దానిచుట్టు కవచము, ఆ పైన లోహపుతొడుగు. మెగ్గరు పిడి ఆపినను లోపల విద్యుత్తు కూర్చుండియే యుండును. పది మైక్రోఫారడుల కెపాసిటరును 5,000 వోల్టులకు నింపినచో అందులోని శక్తి 125 జౌళ్లు. పన్నెండున్నర కిలోల బియ్యపుమూటను మీటరు ఎత్తునుండి జారవిడిచిన శక్తి. మూట పాదముపై పడినచో బొబ్బ కట్టును. ఇది గుండెలోనుండి పోవును. మన యిండ్లలోని విద్యుత్తువంటిదైనచో ఆంపియరులో నూరవవంతు కండరములను బిగించి పట్టినదానిని విడువనీయదనియు, పది పదునైదవవంతు కొన్ని క్షణములు ప్రవహించిన గుండె లయ చెడుననియు వైద్యులందురు.

దీనికి చికిత్స సులభమే: పరీక్ష ముగియగానే నిరోధకము గల కర్రతో మెల్లగా విద్యుత్తును దింపి, తరువాత గట్టితీగతో భూమికి కలుపవలెను. ఇచ్చటనే చదువుకొన్నవారును మోసపోవుదురు. ఒకసారి నిప్పురవ్వ వెలువడినది, మీటరు సున్న చూపినది, అయిపోయినదనుకొందురు. కాలేదు. కవచపు పదార్థములోతున నింకిన విద్యుత్తు, తడిగుడ్డను పిండినపిదప మరల చెమ్మ యూరినట్లు, కొంత తడవునకు పైకి తేలును. సున్నయైన వోల్టేజి తనంతట తాను మరల పెరుగును. కావున పరీక్షకు పట్టిన కాలమునకు నాలుగురెట్లకు తక్కువ కాకుండ భూమికి కలిపి యుంచవలెనని వాడుక. పదినిమిషముల పరీక్ష చేసినవాడు నలువదినిమిషములు ఆగవలెను. అటుపిమ్మటను కనెక్షను తిరిగి ఇచ్చువరకు ఆ గొలుసును తీయరాదు.

నా శిష్యులలో మరియొకడు, చురుకైనవాడు, ఒక పట్టణమున మరమ్మతుశాలలో పనిచేసెడివాడు. నిచ్చెనమీద నిలిచి పొడవైన కేబులును మెగ్గరుతో పరీక్షించెను. తంతి తాకించి విద్యుత్తును దింపెను కూడ. వెంటనే గొలుసు తీసి, టీ త్రాగివచ్చి, కొనలను చేతితో పట్టుకొనెను. తగిలిన దెబ్బ చిన్నదే. కాని ఆ యదురుపాటునకు నిచ్చెనపైనుండి వెనుకకు పడి తుంటియెముక విరిగెను. నేను చూడబోయినపుడు, "కరెంటు నన్నేమీ చేయలేదండీ, నేలే చేసింది" అని నవ్వెను. నాకు నవ్వు రాలేదు. వాడు నేటికిని కర్ర యూతతోనే నడచుచున్నాడు. వానికి నలువదినిమిషముల మాట ఎవరును చెప్పియుండలేదు. చెప్పవలసిన పెద్దమేస్త్రికిని తెలియదట.

అత్యధిక వోల్టేజిని పరీక్షించు పెద్దశాలలలో మనుష్యుని జ్ఞాపకశక్తిని ఇంతగా నమ్ముకొనరు. హైదరాబాదునందు కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థవారికి అట్టి శాల కలదు. ఇట్టి శాలలయందు పరీక్షాస్థలముచుట్టు లోహపుకంచె యుండును. దాని ద్వారమునకు స్విచ్చి నమర్తురు. ద్వారము తెరచినంతనే సరఫరా తెగును. తలుపు మూసినగాని విద్యుత్తు రాదు. ఎర్రదీపము వెలుగుచుండగా నెవరును లోనికి పోరు. భూమికి కలుపు కర్ర ద్వారముచెంతనే వ్రేలాడుచుండును. లోనికి పోవువాడు దానిని చేతగొని, యంత్రముకొనకు తగిలించి, అట్లే వదలి పనిచేయును. ఒంటరిగా నెవరును పరీక్ష చేయరు. రెండవవాడు సహాయమునకు మాత్రమే కాదు, "అందరును వెలుపల నున్నారా?" యని బిగ్గరగా అడిగి, బదులు వినుటకు.

ఈ ద్వారపుస్విచ్చి యను ఉపాయము పల్లెప్రాంతపు షెడ్డులకును వచ్చినది. ట్రాన్స్‌ఫార్మరు నూనెలో తేమ చేరినదా లేదా తెలియుటకు, రెండు లోహపుబొడిపెలను రెండున్నర మిల్లీమీటర్ల యెడముతో నూనెలో ముంచి, మెరుపు దూకువరకు వోల్టేజి పెంచుదురు. ఆరుసార్లు చేసి సగటు తీయుదురు. మంచినూనె ముప్పదివేల వోల్టులకు పైబడి ఓర్చును. ఆ పెట్టె మూత తెరచిన యంత్రమాగునట్లు లోన చిన్న మీట యుండును. ఆరుసార్లును మూత తీసి మూయుట విసుగని, ఆ మీటను తాడుతో కట్టివేసినవారిని గూర్చి నా శిష్యుడు చెప్పెను. ఎచ్చటనో నేను చెప్పను. శ్రమ తగ్గినదని వారనుకొనిరి. వ్యాకరణమున నియమమునకు అపవాదము పాణిని వంటివాడు చెప్పవలెను. తాడు ముక్క చెప్పరాదు.

రైతుసోదరులతో ఒక మాట. దిమ్మెమీద ఫ్యూజు పోయినదని, నీరు పారు వేళ దాటిపోవునని, మీరే ఎండుకర్ర పట్టుకొని గట్టెక్కుట నేనెరుగుదును. ఎండుకర్ర ఎంత యెండినదో మీకు తెలియదు. మెగ్గరుతో చూచినవాడెవడును లేడు. మిరపచేను ఒకదినము ఎండిన మరల తేరుకొనును. 1912 నంబరునకు ఫోను చేయుడు; సచివాలయములలో 2019 నుండి ఈ పనికి నియమితులైన కుర్రవారును కలరు, వారినైన పిలువుడు. ఎవడైన తీగకు తగులుకొని యున్నచో, పెద్దలైను దగ్గరకు పరుగెత్తకుడు. సరఫరా ఆపించినట్లు నిశ్చయమగువరకు వానిని తాకరాదు. ఇది చెప్పుట కఠినమే. తండ్రిని విడదీయబోయి కొడుకు పోయిన యిండ్లు మన ప్రాంతమున లేకపోలేదు.

ఆ తొలకరి సాయంకాలమునకు వత్తును. గుబ్బ మార్చుటకు ముప్పాతిక గంట పట్టినది. వీధివారు విసనకర్రలతో అరుగులపై కూర్చుండి, "ఇంకెంతసేపు?" అని ఆరుసార్లు అడిగిరి. నా శిష్యుడు క్రిందికి దిగి, ఎవరికిని బదులు చెప్పక, కొక్కెములను ఒక్కొక్కటిగా తీసి నేలపై వరుసగా పెట్టి, పైకి చెప్పుకొనుచు లెక్కించెను: ఒకటి, రెండు, మూడు. పిమ్మట భూమికడ్డీని పెరికెను. సహాయకుని పేరుపెట్టి పిలిచి, వాడు పలికినపిదప, ఉపకేంద్రమునకు ఫోను చేసి ఎల్.సి. తిరిగి యిచ్చెను. ఫీడరు ఆగెను. జేబులోని తాళపుచెవి తీసి స్విచ్చి మూసెను. మరల ఫోను చేసెను. మా యింటి వసారాలో పంకా తిరుగుట వినబడినది.